విదేశీ పిచ్చర్‌కు బడ్జెట్ – పాఠం 3: జీతం పైన పడే ఖర్చులు

గత పాఠంలో పిచ్చర్‌కు ఏడాదికి ఎంత జీతం ఇవ్వొచ్చో లెక్కగట్టాం. అమెరికా బేస్‌బాల్‌లోని మేజర్ లీగ్ జట్టు జపాన్ నుంచి పిచ్చర్‌ను (బంతి విసిరే ఆటగాడిని) తెచ్చుకునేటప్పుడు ఆ జీతం పక్కన ఇంకో రెండు పద్దులు రాసుకోవాలి. ఒకటి పాత జట్టుకు కట్టే రిలీజ్ ఫీజు, రెండోది జట్టు జీతాల మొత్తం పరిమితి దాటితే లీగ్‌కు కట్టే లగ్జరీ ట్యాక్స్. అంకెలన్నీ డాలర్లలోనే.

ముందుగా ఆటగాడు ఏ దారిలో వస్తున్నాడో తేల్చుకోండి. జపాన్‌లో తొమ్మిదేళ్ల సర్వీసు పూర్తయినవాడికి ఫీజు లేదు. 2022లో న్యూయార్క్ మెట్స్ జట్టు పిచ్చర్ కొడాయ్ సెంగాను ఐదేళ్లకు 7.5 కోట్లకు తీసుకున్నది ఇలాగే. అంతకుముందే రావాలనుకుంటే పాత జట్టు అతన్ని ‘పోస్ట్’ చేయాలి, అంటే మేజర్ లీగ్ జట్లతో మాట్లాడుకోవడానికి వదలాలి. అక్కడి నుంచి 45 రోజుల్లో ఒప్పందం కుదరాలి, లేదంటే అతను పాత జట్టుకే వెనక్కి వెళ్లిపోతాడు. పోస్ట్ అయ్యాక లెక్కలు మొదలుపెడితే ఆలస్యమే. 25 ఏళ్లు నిండనివాళ్ల నిబంధనలు వేరు, వాటి సంగతి మరో పాఠంలో.

పోస్ట్ అయినవాడికి రిలీజ్ ఫీజు శ్లాబుల ప్రకారం పడుతుంది. గ్యారంటీ సొమ్ములో (ఒప్పందంలో తప్పక ఇస్తామన్న మొత్తంలో) మొదటి 2.5 కోట్లపై 20%, తర్వాతి 2.5 కోట్లపై 17.5%, 5 కోట్లు దాటిన దానిపై 15%. 2023 డిసెంబరులో పిచ్చర్ యోషినోబు యమమోటో డాడ్జర్స్ జట్టుతో 12 ఏళ్లకు 32.5 కోట్లకు ఒప్పుకున్నాడు. మొదటి శ్లాబులో 50 లక్షలు, రెండో దానిలో 43.75 లక్షలు, మిగిలిన 27.5 కోట్లపై 4.125 కోట్లు. మొత్తం 5.0625 కోట్లు అతని పాత జట్టు ఓరిక్స్ బఫెలోస్‌కు. (2006లో జపాన్ పిచ్చర్ మత్సుజకతో మాట్లాడే హక్కు కోసమే బోస్టన్ జట్టు సీల్డ్ బిడ్‌లో 5.11 కోట్లు పెట్టింది, జీతం వేరే. ఆ పద్ధతి ఇప్పుడు లేదు.)

ఈ పద్దును ఇంతటితో మూసేయకండి. తర్వాత జట్టు ఆప్షన్ (ఒప్పందాన్ని పొడిగించుకునే హక్కు) వాడుకున్నా, ఆటతీరును బట్టి బోనస్ ఇచ్చినా, ఆ సొమ్ముపై మరో 15% పాత జట్టుకు వెళ్తుంది. చాలా బడ్జెట్లలో జారిపోయే వరుస ఇదే.

ఇక లగ్జరీ ట్యాక్స్. ఐపీఎల్ వేలంలోలా పర్సు అయిపోతే ఆగిపోవడం ఇక్కడ ఉండదు. పరిమితి దాటొచ్చు, దాటినదానికి పన్ను కట్టాలి. పన్ను లెక్కకు తీసుకునేది ఆ ఏడాది చేతికిచ్చిన జీతం కాదు, ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగించిన సగటు. యమమోటోకు అది సుమారు 2.71 కోట్లు. అతనికిచ్చిన 5 కోట్ల సైనింగ్ బోనస్ కూడా ఈ సగటులోనే కలిసిపోతుంది, కానీ నగదు మాత్రం ముందే సర్దాలి. అందుకే నగదుకు ఒక పట్టిక, పన్నుకు ఒక పట్టిక వేయండి. రిలీజ్ ఫీజు నగదు పట్టికలోకే వస్తుంది, పన్ను లెక్కలోకి రాదు.

ఒక ఊహా జట్టును తీసుకుందాం. 2025 పరిమితి 24.1 కోట్లు. ఈ జట్టు వరసగా మూడో ఏడాది దాటుతోంది, కాబట్టి మూల రేటు 50%. దాటిన మొత్తం 2 నుంచి 4 కోట్ల మధ్య ఉంటే ఆ భాగంపై 12% అదనం. పేరోల్ (ఆటగాళ్ల సగటు జీతాల మొత్తం) ఇప్పటికే 25 కోట్లు, పన్ను 45 లక్షలు. సగటు 2.7 కోట్ల పిచ్చర్ చేరితే పేరోల్ 27.7 కోట్లు, అంటే పరిమితి దాటినది 3.6 కోట్లు. మొదటి 2 కోట్లపై 1 కోటి, మిగతా 1.6 కోట్లపై 62% చొప్పున 99.2 లక్షలు. పన్ను 1.992 కోట్లకు చేరింది. అంటే అతని వల్ల పెరిగింది 1.542 కోట్లు. ఫీజు కలపకముందే ఆ ఏడాదికి అతని ఖరీదు 4.242 కోట్లు. పరిమితికి బాగా దిగువన ఉన్న జట్టుకు అదే పిచ్చర్ 2.7 కోట్లకే వస్తాడు. ఇద్దరూ ఒకే మొత్తం పాడినా భారం ఒకటి కాదు.

అభ్యాసం: 2024 జనవరిలో కబ్స్ జట్టు జపాన్ నుంచి పోస్ట్ అయిన పిచ్చర్ షోటా ఇమనగాకు నాలుగేళ్లకు 5.3 కోట్లు గ్యారంటీ ఇచ్చింది. ఫీజు కట్టి చూడండి. 98.25 లక్షలు రావాలి. 1.06 కోట్లు వచ్చిందంటే మొత్తానికీ 20% వేశారు. 79.5 లక్షలు వచ్చిందంటే మొత్తానికీ 15% వేశారు.