గేర్‌బాక్స్ మార్చాక స్టీరింగ్ గేర్ పడకపోతే

పాత అంబాసిడర్‌కో పద్మినీకో గేర్‌బాక్స్ గానీ ఇంజన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు గానీ మార్చాక స్టీరింగ్ కింది గేర్ రాడ్ మొరాయించడం మామూలే. విజయవాడ ఆటోనగర్‌కు తోలేముందు ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు.

బండి చదునుగా ఉన్నచోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ మీద ఉన్న బండి కిందకి మాత్రం దూరొద్దు, స్టాండులు పెట్టాల్సిందే. ఇంజన్ ఆపి, గేర్‌బాక్స్ దగ్గర లింకేజీ రాడ్లు (స్టీరింగ్ దగ్గరి లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపేవి) ఊడదీసి, గేర్‌బాక్స్ మీది లివర్లను చేత్తో కదపండి. గేర్లు సాఫీగా పడితే గేర్‌బాక్స్ బాగున్నట్టే, తప్పు లింకేజీదే. ఇంజన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కినా రివర్స్ గరగరమంటే మాత్రం క్లచ్ సరిగా విడవడం లేదు. దాన్ని వదిలేసి రాడ్లు తిప్పితే ఫలితం ఉండదు.

కొత్త మౌంటింగుల మీద ఇంజన్ కాస్త ఎత్తుగానో వెనక్కో కూర్చుంటే రాడ్ పొడవు చాలదు, లేదా ఎక్కువవుతుంది. అందుకే ఒకవైపు గేర్లు పూర్తిగా పడవు, పడినా జారిపోతాయి. గేర్‌బాక్స్‌నూ పైన లివర్‌నూ న్యూట్రల్‌లో పెట్టండి. రాడ్ చివర బలవంతం లేకుండా రంధ్రంలో కూర్చునేదాకా సగం చుట్టు చొప్పున సర్ది, లాక్ నట్ బిగించండి.

దీనికంటే ముందు రాడ్ల కీళ్లలో ఉండే బుష్‌లు (చిన్న గొట్టాల్లాంటి ముక్కలు) చూడాలి. అరిగిన బుష్‌తో చేసిన సెట్టింగు నిలవదు. కీళ్లు ఊడకుండా పట్టే స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేయండి, పాతవి వంచి వాడే పొదుపు దండగ. గ్రీజు పల్చగా చాలు.