బొగ్గుబాయిలో కిరోసిన్ వాసన వస్తోందా?

సింగరేణిలో పిల్లర్లు (పైకప్పుకి ఆసరాగా వదిలిన బొగ్గు స్తంభాలు) తీసే ప్యానెల్‌లో, అంటే గనిలో విడిగా తవ్వే భాగంలో, పనిచేసే ప్రతి ఒక్కరికీ ఈ సంగతులు తెలిసి ఉండాలి.

స్టాపింగ్ (దారి మూసే) గోడకు చెమట, కిరోసిన్ లాంటి వాసన

గోఫ్ (బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీ) దగ్గర ఉక్కపోస్తుంది. గోడ మీద నీటిబొట్లు నిలుస్తాయి, క్యాప్ ల్యాంప్ వెలుగులో సన్నటి మసక కనిపిస్తుంది. వాసన ఆ తర్వాత వస్తుంది.

కారణం: గోఫ్‌లో మిగిలిపోయిన బొగ్గు ఆక్సిజన్‌ని పీల్చుకుని దానంతటదే వేడెక్కుతోంది. అగ్గిపుల్ల గీయనక్కర్లేదు. గాలి బాగా ఆడితే ఆ వేడి కొట్టుకుపోతుంది, అసలు ఆడకపోతే పుట్టదు. పగుళ్లలోంచి కొద్దికొద్దిగా దూరే గాలితోనే ముప్పు.

ఏం చేయాలి: ఆ షిఫ్టులోనే షిఫ్టు చూసుకునే సర్దార్‌కో ఓవర్‌మన్‌కో చెప్పండి. రేపు చూద్దాం అనుకోవద్దు. గాలి శాంపిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ రోజురోజుకీ పెరుగుతుంటే వేడి ముదురుతున్నట్టే. పగుళ్లు పూడ్చాలి, అవసరమైతే నైట్రోజన్ పంపాలి, అదుపులోకి రాకపోతే ప్యానెల్ మూసేయాలి. మూశాక లోపల మీథేన్ పేరుకుని పేలే స్థాయిని దాటుకుంటూ పోతుంది, అందుకే ఆ సమయంలో దగ్గర్లో మనుషులు ఉండకూడదు. చల్లారిందో లేదో చూద్దామని తెరిస్తే కొత్త గాలి అందుతుంది.

అసలు నివారణ ప్లాన్‌లోనే ఉంది. బొగ్గు వేడెక్కడానికి పట్టే గడువులోపే తీసి మూసేయగలిగేంత చిన్న ప్యానెల్ వేసుకోవాలి.

మీథేన్ రీడింగ్ పెరిగింది

గాలికంటే తేలిక కాబట్టి రూఫ్ గుంతల్లో చేరుతుంది. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలడానికి నిప్పురవ్వ చాలు. 1.25 శాతం దాటితే కరెంటు ఆపి, మనుషుల్ని వెనక్కి తీసుకురావాలి. ఆ తర్వాతే పరదాలు కట్టి గాలి మళ్లించాలి. వానకి ముందు గాలి ఒత్తిడి పడిపోతే గోఫ్ గ్యాస్‌ని బయటికి వదులుతుంది. ఆ రోజుల్లో ఇంకా జాగ్రత్తగా కొలవాలి.

నడిస్తే కాలిముద్ర పడేంత బొగ్గుదుమ్ము

చిన్న పేలుడు ఈ దుమ్ముని లేపి పెద్దది చేస్తుంది. ఫ్రాన్స్‌లోని కూరియేర్‌లో 1906 మార్చి 10న అలాగే 1,099 మంది పోయారు. దుమ్ము ఎత్తేయండి, తడపండి, సున్నపురాతి పొడి చల్లండి. బొగ్గు మోసే బెల్టు కింద జామైన రోలర్ ఉంటే రాపిడికి వేడెక్కుతుంది, వెంటనే మార్చాలి.

పొగ కనిపించింది

సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువుల మధ్య ఊపిరి తీసుకోవడానికి వెంట ఉంచుకునే పరికరం) నోట్లో పెట్టుకుని బయటికి నడవండి. ఫిల్టర్ రకంలో పీల్చే గాలి వేడిగా తగులుతుంది, గొంతు మండుతుంది, తీసేయాలనిపిస్తుంది. తీయకండి. కార్బన్ మోనాక్సైడ్‌ని అది కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తోంది కాబట్టే ఆ వేడి. తాజా గాలి రూటులోకి వచ్చేదాకా నోట్లోనే ఉంచండి.