ఒకే వైనరీ, ఆరు సీసాలు, ఏడు గ్లాసులు

ఒకే వైనరీ (వైన్ తయారుచేసే చోటు) వాళ్ల రెడ్ వైన్‌లని ఏది ఏదో తెలియకుండా రుచి చూడ్డానికి మొన్న కూర్చున్నప్పుడు రెండో గ్లాసుకి వందకి 85 వేశాను. ‘గరుకు, పొంతన లేదు’ అని పక్కన రాశాను కూడా. ఐదో గ్లాసుకి 91. ‘నునుపు, అన్నీ సరిపాళ్లలో ఉన్నాయి’. చివర్లో చీటీలు విప్పితే రెండూ ఒకే సీసాలోవి! ఆ ఏర్పాటు చేయించింది నేనే. ‘ఏదో ఒక సీసా రెండు గ్లాసుల్లో పోసి, అదేదో నాకు చెప్పకు’ అని పోసే మనిషికి చెప్పి మరీ కూర్చున్నాను. అయినా పట్టుకోలేకపోయాను.

వేర్వేరు వైనరీల సీసాలైతే తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒకే వైనరీ అయితే చేసే చెయ్యి అదే, పీపాలూ దాదాపు అవే. తేడాలు సన్నగా ఉంటాయి, మన నాలుక చేసే పొరపాట్లేమో వాటికంటే లావుగా ఉంటాయి. ఏడో గ్లాసు అందుకే.

సీసాల ఎంపికలోనే సగం పని అయిపోతుంది. బోర్డో (ఫ్రాన్స్‌లో పేరున్న వైన్ ప్రాంతం) తరహా రెడ్ అంటే కాబెర్నే సావిన్యాన్, మెర్లో, కాబెర్నే ఫ్రాన్ అనే ద్రాక్ష రకాలు ముఖ్యం. పెటీ వెర్దో, మాల్బెక్, కార్మెనేర్ చాలాసార్లు కొద్దికొద్దిగా తోడవుతాయి. బోర్డోలో మెదోక్ వైపు కాబెర్నే సావిన్యాన్‌ది పైచెయ్యి, పొమెరోల్, సెంతెమిలియోన్ వైపు మెర్లోది. మీ వైనరీ ఎటు మొగ్గుతుందో ముందే ఊహించి పెట్టుకోండి, తర్వాత సరిచూసుకోవచ్చు. ఒకే ఏడాదివి వేర్వేరు రకాలు తీసుకోండి, లేదా ఒకే బ్లెండ్ (ద్రాక్షల కలబోత) వేర్వేరు ఏళ్లవి. రెండూ కలిపేస్తే తేడా ద్రాక్షదో ఆ ఏటి ఎండదో తేలదు.

ముందురోజే సీసాలు నిలబెడితే మడ్డి అడుక్కి దిగుతుంది. వైన్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. గది వేడిగా ఉంటే ఫ్రిజ్‌లో ఓ అరగంట చాలు. వెచ్చబడితే ఆల్కహాల్ ముక్కులో గుచ్చుకుని మిగతా వాసనలన్నిటినీ మింగేస్తుంది. గ్లాసులన్నీ ఒకే రకానివి, ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లు. పోసే మనిషి వేరే గదిలో పోసి, గ్లాసు అడుగున చీటీ అంటించి తేవాలి. సీసా ఆకారం కూడా మీ కంట పడకూడదు. బరువైన సీసా చూస్తే చెయ్యి దానంతటదే రెండు మార్కులు ఎక్కువేస్తుంది.

రంగు మీద ఎక్కువసేపు ఆగకండి. తెల్లకాగితం మీద గ్లాసు వంచి అంచు చూడండి. ఊదా మెరుపుంటే లేతది, ఇటుక రంగుకి తిరిగితే వయసొచ్చింది. అంతే. బోర్డోలోనే 54 మంది వైన్ విద్యార్థులకి తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే, రెడ్‌కి వాడే మాటలతోనే దాని వాసన వర్ణించారు. 2001లో అచ్చయిన ప్రయోగం అది. చదువుకుంటున్నవాళ్ల సంగతే అలా ఉంటే నా సంగతి చెప్పాలా.

వాసన దగ్గర మాత్రం తీరిగ్గా ఉండండి. ఒక్క చుక్క తాగకుండా ముందు ఏడూ వరసగా వాసన చూడండి. తడిసిన అట్టపెట్టెలా కొడితే కార్క్ చెడగొట్టిన సీసా. దానికి మార్కులు వెయ్యొద్దు, పక్కన పెట్టేయండి. తర్వాత, అన్నిట్లోనూ ఉన్న వాసన ఏదో కాగితం మూల రాసుకోండి. నాకు ఆ రోజు వెనీలా, కాస్త పొగ తగిలాయి. అది ఆ వైనరీ పీపాల సంతకం. దాన్ని తీసేసి చూస్తేనే గ్లాసుల మధ్య తేడా బయటపడుతుంది. ఒకదాంట్లో కోసిన క్యాప్సికమ్ వాసన, ఇంకోదాంట్లో అదే సన్నగా. క్యాప్సికమ్‌లోనూ ఈ ద్రాక్షల్లోనూ ఉండే పిరజీన్ల వాసన అది, కాయ పండేకొద్దీ తగ్గుతుంది. మొదటిది కాబెర్నే ఫ్రాన్, రెండోది కాబెర్నే సావిన్యాన్ అని రాశాను, సరిపోయింది. ఫ్రాన్ సావిన్యాన్‌కి కన్నవాళ్లలో ఒకటని 1997లో డీఎన్‌ఏతో తేల్చారు, పోలిక ఉండదూ మరి. బ్లాక్ కరెంట్ అని పుస్తకాల్లో రాసేదాన్ని నేను నేరేడు అనే రాసుకుంటాను. ఎప్పుడూ తినని పండు పేరు రాస్తే ఏడాది తర్వాత నాకే అర్థం కాదు.

ఇక నోట్లో. టానిన్‌కి మనకి వగరు అనే చక్కటి మాట ఉంది. అది లాలాజలంలోని ప్రొటీన్లని పట్టేసుకుంటుంది, నోరు పీక్కుపోయినట్టు ఉండేది అందుకే. ఎంత వగరు అన్నదానికంటే ఎలాంటి వగరు అన్నది చూడండి: సన్న పిండిలా చిగుళ్ల మీద పరుచుకుంటోందా, ఇసుకలా గీరుతోందా? ఉమ్మేశాక రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. ఉమ్మడం మొహమాటం అనుకుంటే నాలుగో గ్లాసు నుంచి అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

వగరు గ్లాసు గ్లాసుకీ పేరుకుంటుంది, పైగా ముందు గ్లాసు ప్రభావం తర్వాతిదాని మీద పడుతుంది. నా 85 ఒట్టి మెర్లో తర్వాత వచ్చింది, ఆ మెత్తదనం ముందు గరుకనిపించింది. అదే వైన్ పెటీ వెర్దో ఎక్కువున్న గ్లాసు తర్వాత వచ్చేసరికి పట్టులా జారింది. కాబట్టి ఒక్కో గ్లాసుకీ మధ్య నీళ్లు తాగి రెండు నిమిషాలు ఆగండి. ఏడూ అయ్యాక వెనక నుంచి ముందుకి ఇంకోసారి రండి.

మార్కులకంటే ముందు గ్లాసుల్ని వరసలో పెట్టండి, నచ్చింది కుడికి, నచ్చనిది ఎడమకి. అంకెలు ఆ తర్వాత. అమెరికన్ వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ వల్ల వ్యాపించిన 100 మార్కుల పద్ధతి 50 నుంచే మొదలవుతుంది, పైగా మనమంతా 84 నుంచి 94 మధ్యే తిరుగుతాం. చీటీలు విప్పగానే ముందు జంట గ్లాసుల తేడా చూడండి. నాది ఆరు. అంటే అంతకన్నా తక్కువ తేడా ఉన్న ఏ రెండు వైన్‌లనీ ఆ రోజు నేను విడదీయలేదన్నమాట. 88కీ 91కీ మధ్య గెలుపోటములు కొట్టేశాను. రిజర్వ్ (వైనరీ ప్రత్యేకమని అమ్మే) సీసాకి వేసిన 92 కూడా మామూలు బ్లెండ్‌తో సమానమైపోయింది.

మిగిలిన వైన్‌కి కార్క్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు మళ్లీ చూశాను. రిజర్వ్‌లో చెక్క వాసనే మిగిలింది, రెండు గ్లాసుల్లో వచ్చిన ఆ మామూలు బ్లెండ్ మాత్రం ఇంకాస్త విచ్చుకుంది. నా పుస్తకంలో దాని పక్కన ఇప్పటికీ ఒక అంకె లేదు, 85–91 అనే ఉంది.