రోమన్ ప్రొవిన్షియల్ నాణెం మీద బొమ్మ ఎవరిదో గుర్తుపట్టడం ఎలా?

నాణెం చేతికి రాగానే అందరం మొహమే చూస్తాం, కానీ ఈ నాణేలకి మొహం చివర్లో చూడాలి. ఇవి రోమ్‌లో కొట్టినవి కాదు, రోమన్ సామ్రాజ్యంలోని ఏ ఊరికి ఆ ఊరు కొట్టుకున్నవి, అందుకే ఒకే చక్రవర్తి ఊరికో పోలికతో ఉంటాడు.

ముందు లైట్ సెట్ చేసుకోండి. టేబుల్ ల్యాంప్‌ని పక్కనుంచి, బాగా కిందకి దించి పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ ఫోటోలు తీస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా నీడల్లో తేలతాయి. యాసిడ్ పెట్టి రుద్దడం మాత్రం వద్దండి, పోయిన అక్షరం మళ్లీ రాదు.

తర్వాత చుట్టూ ఉన్న రాత. తూర్పు ప్రాంతాల్లో ఎక్కువగా గ్రీకే ఉంటుంది, అందులో ఇంగ్లీష్ పి లాంటిది 'ర', సి లాంటిది 'స', ఈ రెండూ గుర్తుంటే చాలా పేర్లు చదివేయొచ్చు. ఆటోక్రాటోర్, కైసర్, సెబాస్టోస్ అనేవి బిరుదులు, వాటిని దాటి అసలు పేరు పట్టుకోవాలి. ఉత్త కైసర్ అని ఉంటే చక్రవర్తి కాకుండా వారసుడు అయ్యే చాన్స్ ఎక్కువ.

అందరూ తికమకపడేది 'ఆంటోనినోస్' (ఆంటోనినస్‌కి గ్రీకు రూపం) దగ్గరే. కారకల్లా, ఎలగాబలస్ అనే చక్రవర్తులిద్దరి అధికారిక పేరూ మార్కస్ ఆరేలియస్ ఆంటోనినస్సే, మరెలా? నాణెం తిప్పండి. ఇప్పటి బల్గేరియాలో ఉన్న మార్కియానోపోలిస్ నాణేల మీద వెనక వైపు గవర్నర్ పేరు ఉంటుంది, అక్కడ క్వింటిలియానస్ ఉంటే కారకల్లా, జూలియస్ ఆంటోనియస్ సెల్యూకస్ ఉంటే ఎలగాబలస్. ముందు వైపు ఎదురుగా ఆడమనిషి మొహం కూడా ఉంటే ఇంకా ఈజీ, కారకల్లాకి ఎదురుగా ఉండేది తల్లి జూలియా డోమ్నా, ఎలగాబలస్‌కి ఎదురుగా అమ్మమ్మ జూలియా మేసా.

అలెగ్జాండ్రియా నాణెం అయితే వెనక ఎల్ లాంటి గుర్తు, దాని పక్కన అంకెగా వాడిన గ్రీకు అక్షరం ఉంటాయి, అది పాలనలో ఎన్నో ఏడో చెప్తుంది. పదిహేనో ఏడు అని ఉందంటే నాలుగైదేళ్లే ఏలినవాళ్లంతా లిస్టులోంచి పోయినట్టే.

ఇప్పుడు మొహం చూడండి. నిండు గడ్డం ఉంటే 117లో వచ్చిన హేడ్రియన్ గానీ ఆ తర్వాతివాళ్లు గానీ అయ్యుంటారు. కుర్రాడి మొహం కనిపించగానే కుర్ర చక్రవర్తి మూడో గోర్డియన్ అనేయకండి, పక్కన 'సింక్లెటోస్' అని ఉంటే అది అసలు మనిషే కాదు, రోమ్ సెనేట్‌కి ఇచ్చిన రూపం. ఇప్పటి టర్కీలో ఉన్న స్ట్రాటోనికేయా నాణేల్లో అయితే కారకల్లా ఎదురుగా చెరిపేసిన ఖాళీ కనిపిస్తుంది, అది 211లో అతను చంపించిన తమ్ముడు గెటా మొహం ఉన్న చోటు.

చివరగా రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్ ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఊరి పేరూ, వెనక బొమ్మా కొట్టి వెతకండి, ఫ్రీయే. మొహం కలిసినా రాత కలవకపోతే ఒప్పుకోకండి.