రొమ్ములో రాయిలాంటి గడ్డ: క్యాన్సరే కానక్కర్లేదు, కానీ ముక్క తీయాల్సిందే

సమస్య: ఒక రొమ్ములో గట్టి గడ్డ. చనుమొన లోపలికి పోయింది, పైచర్మం ఎర్రబడింది, చంకలో బిళ్ల కట్టింది. తిరుపతిలో మా తోడికోడలికి సరిగ్గా ఇలాగే వచ్చింది. చిన్నోడికి అప్పుడు మూడేళ్లు. "పాలగడ్డేలేమ్మా, ఆకు కడితే పోతుంది" అంది అత్తమ్మ. రెండు వారాలు అలాగే పోయాయి. తర్వాత స్కాన్ రిపోర్టులో 'బైరాడ్స్ 4' (రొమ్ము స్కాన్‌లో అనుమానం ఎంతుందో చెప్పే అంకె) అని చూసేసరికి ఇంట్లో ఒకటే ఏడుపులు, కొండకు మొక్కులు. ఆ 4కి అర్థం అనుమానం ఉంది, ముక్క తీసి చూడమని. క్యాన్సర్ అని తేల్చినట్టు కాదు. ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పుంటే ఆ రాత్రి కాస్త నిద్రపోయేవాళ్లం.

కారణం: గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ కావచ్చు. అరుదైన వాపు జబ్బు, క్యాన్సర్ కాదు. 1972లో వైద్యులు దీన్ని విడిగా గుర్తించారు. ఎక్కువగా కాన్పయిన ఐదేళ్లలోపు వాళ్లకు వస్తుంది. చేతికీ స్కాన్‌కీ అచ్చం క్యాన్సర్‌లాగే ఉంటుంది.

తేల్చేది: కోర్ బయాప్సీ, అంటే లావు సూదితో గడ్డ ముక్క తీసి చూసే పరీక్ష. సన్న సూది పరీక్షతో చాలాసార్లు తేలదు. క్యాన్సర్ కణాలు లేవు, గ్రాన్యులోమాలు (వాపు కణాలు గుంపుకట్టిన చిన్న ముద్దలు) ఉన్నాయి అని వస్తే సగం పనే అయినట్టు. టీబీ కూడా రొమ్ములో ఇలాంటి గ్రాన్యులోమాలే పెడుతుంది, మన దేశంలో దాన్ని వదిలేయడానికి లేదు. అందుకే సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష), కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) కూడా చేయాలి. ఇక్కడే మేం దెబ్బతిన్నాం. ముక్కలన్నీ ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే మందు నీళ్లు) వేసేశారు, అందులో క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌కు పనికిరాదు. పాపం, మళ్లీ సూది పొడిపించుకుంది. ఒక ముక్క సెలైన్‌లో విడిగా పెట్టమని ముందే అడగండి.

పరిష్కారం: టీబీ అయితే కనీసం ఆరు నెలల మందులు. రుయా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. టీబీ కాకపోతే, చిన్న గడ్డను కనిపెట్టుకుని ఉంటే చాలు, దానంతటదే తగ్గొచ్చు. పెద్దదైతే డాక్టర్లు స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, షుగర్ చూసుకోవాలి. టీబీ లేదని తేలకముందు మాత్రం స్టెరాయిడ్ వద్దు, లోపలున్న టీబీ చెలరేగుతుంది. కోసి తీసేయమని తొందరపెట్టొద్దు. కోసిన పుండు మానక నెలల తరబడి కారొచ్చు. చీము పడితే సూదితో లాగడం మేలు.

తగ్గడానికి నెలలు పడుతుంది, మళ్లీ రావచ్చు కూడా. మందులు వాడుతున్నా గడ్డ పెరుగుతుంటే, లేదా స్కాన్ ఒకటి చెప్పి బయాప్సీ ఇంకోటి చెబితే, మొహమాటపడకుండా రెండో బయాప్సీ అడగండి.