థాయ్‌లాండ్‌లో విశ్రాంత జీవితం: ఆరోగ్యంగా స్థిరపడడం ఎలా?

ఉద్యోగ విరమణ తరువాత థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్‌ నగరంలో ఉండిపోవాలనుకునేవారిలో చాలామంది ఆ ఊరిని డిసెంబరులోనో జనవరిలోనో చూసి, ఆ చల్లని ఉదయాలకు ముచ్చటపడి నిర్ణయం తీసుకుంటారు. అయితే ఇల్లు చూసుకోవలసిన కాలం అది కాదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉత్తర థాయ్‌లాండ్‌లో పంట వ్యర్థాలూ అడవులూ తగలబడి, ఆ పొగ కొండల నడుమ ఉన్న లోయలో కదలకుండా నిలిచిపోతుంది. ఊరికి పడమటి దిక్కున 1,676 మీటర్ల ఎత్తున ఉండే దోయ్ సుథేప్ కొండ, ఆ రోజుల్లో ఒక్కోసారి అసలక్కడ ఉందా అన్నట్టు కనబడకుండా పోతుంది.

అందువల్ల మొదటి పనిగా మార్చి నెలంతా అక్కడ అద్దె గదిలో ఉండి చూడండి. ఉబ్బసమో గుండెజబ్బో ఉన్నవారికి ఆ నెల గడవడం కష్టమైతే, హువా హిన్ వంటి సముద్రతీరపు ఊళ్లను పరిశీలించడం మంచిది. కనీసం ఒక ఏడాది పూర్తిగా గడిపే వరకు స్వదేశంలోని ఇంటిని అమ్మవద్దని నా గట్టి సలహా. తిరిగి రావడానికి ఒక గడప ఉందన్న ధైర్యం పరాయి దేశంలో ఎంతో ఆసరా ఇస్తుంది.

రెండవది కాగితాల పని. విశ్రాంత జీవితం కోసం ఇచ్చే అనుమతికి 50 ఏళ్లు నిండి ఉండాలి. ఏటా పొడిగించుకోవడానికి థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్‌ల (థాయ్ కరెన్సీ) నిల్వ గానీ, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం గానీ చూపించాలి. ప్రతి 90 రోజులకు ఒకసారి చిరునామా తెలియజేయాలి. దేశం విడిచి వెళ్లే ముందు తిరిగి ప్రవేశించడానికి అనుమతి (రీ-ఎంట్రీ పర్మిట్) తీసుకోకపోతే ఆ పొడిగింపు రద్దవుతుంది కాబట్టి, మనవరాలి పెళ్లికని హడావిడిగా బయలుదేరినా ఈ పని మరువకూడదు. మన కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో తాము జీవించి ఉన్నట్టు తెలిపే జీవన ప్రమాణ పత్రం (లైఫ్ సర్టిఫికెట్) ఇచ్చే ఏర్పాటు కూడా ముందుగానే చేసుకోవాలి.

మూడవది ఆరోగ్య బీమా. వయసు పెరిగేకొద్దీ కొత్త పాలసీ దొరకడం కష్టం, ఉన్న జబ్బులకు మినహాయింపులూ ఎక్కువ. కాబట్టి ప్రయాణానికి ముందే తీసుకోండి. మందుల బ్రాండ్ పేర్లు అక్కడ మారిపోతాయి గనుక, ప్రతి మందు అసలు పేరును (జెనెరిక్ పేరును), మోతాదును డాక్టరు చేత రాయించుకొని వెంట ఉంచుకోవాలి.

ఇక దేహాన్ని ఆ వాతావరణానికి అలవాటు చేయడం అన్నింటికంటే ఓపిక కావలసిన పని. మొదటి రెండు వారాలు నడకను తెల్లవారుజామునకే పరిమితం చేయండి. వయసు మీదపడినవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది; దాహం వేసే దాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండాలి. ఒంట్లో నీరు తగ్గించే బీపీ మాత్రలు వాడేవారు మాత్రం ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

వానలు మే నుంచి అక్టోబరు వరకు పడతాయి, వాటితోపాటు డెంగీ వస్తుంది. దాన్ని మోసే దోమ పగటిపూట కుడుతుంది గనుక రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. వారానికొకసారి కుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనుక ట్రే, ఇంటి ముందున్న చిన్న దేవతా మందిరం దగ్గరి పూల గ్లాసు ఒంపి, లోపలి అంచును గట్టిగా రుద్ది కడగాలి. గుడ్లు ఆ అంచుకే అంటుకొని ఉంటాయి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి సొంతంగా వేసుకోకూడదు, రక్తస్రావం కావచ్చు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడుతున్నవారు వెంటనే డాక్టరుకు చెప్పాలి. జ్వరం తగ్గిందని ఊరట చెందే రోజే అసలు జాగ్రత్త అవసరం: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

భోజనం విషయంలో మనవారికి కారం ఇబ్బంది కాదు. నామ్ ప్లా అనే చేపల సాస్ ఇబ్బంది. కూరగాయల వేపుడులో కూడా అది పడుతుంది, అందులో ఉప్పు చాలా ఎక్కువ. శాకాహారులు పసుపు జెండా మీద ఎర్రగా ‘జే’ అని థాయ్ లిపిలో రాసి ఉన్న అంగళ్లను వెతుక్కోవాలి. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు.

ఒంటరితనానికి మందు ఇరుగుపొరుగే. పార్కుల్లో ఉదయం 8కి, సాయంత్రం 6కి జాతీయ గీతం వినిపించగానే నడిచేవారంతా ఆగి నిలబడతారు, మీరూ నిలబడండి. రోజూ ఒకే వేళకు ఒకే పార్కుకు వెళితే ముఖపరిచయం తానే ఏర్పడుతుంది. అలా పరిచయమైనవారి చేత, ఇంటి చిరునామాను థాయ్ లిపిలో పెద్ద అక్షరాలతో రాయించి, అత్యవసర వైద్య సేవల నంబరు 1669తో సహా తలుపు పక్కన అతికించండి. దాని నకలు ఒకటి పర్సులోనూ పెట్టుకోండి.