వేడెక్కితే హెవీ ఆయిల్ ఎంత పలచబడుతుంది? రెండు కొలతలతో లెక్క

హెవీ ఆయిల్ (చిక్కటి ఇంధన నూనె) స్నిగ్ధతను, అంటే అది ఎంత చిక్కగా పారుతుందో, అంచనా వేయడానికి రెండు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచిన విలువలు చాలు. ఏఎస్‌టీఎం డి341 అనే పరీక్షా ప్రమాణంలో వాడే వాల్తర్ సూత్రం ఇది:

లాగ్ లాగ్ (స్నిగ్ధత + 0.7) = ఎ − బి × లాగ్ (ఉష్ణోగ్రత)

స్నిగ్ధత సెంటీస్టోక్‌లలో (స్నిగ్ధత కొలమానం), ఉష్ణోగ్రత కెల్విన్‌లలో ఉండాలి. ఎ, బి ఆ నూనెకు చెందిన స్థిరాంకాలు, వాటిని రెండు కొలతల నుంచి కనుక్కుంటాం. లాగ్ అంటే 10 ఆధారంగా ఉన్న లాగరిథమ్, లాగ్ లాగ్ అంటే దాన్ని రెండుసార్లు తీయడం. సెల్సియస్ అంకెలే వేస్తే జవాబు తప్పుతుంది, ముందు 273.15 కలపండి.

50 డిగ్రీల దగ్గర 380, 100 దగ్గర 35 సెంటీస్టోక్‌లు ఉన్నాయనుకుందాం. ఎడమవైపు విలువలు 0.4117, 0.1911. వాటి తేడాను లాగ్ ఉష్ణోగ్రతల తేడా 0.0625తో భాగిస్తే బి దాదాపు 3.53, ఎ 9.273. ఇక 80 డిగ్రీలకు 0.2756 వస్తుంది. దాన్ని రెండుసార్లు 10కి ఘాతంగా వేసి 0.7 తీసేస్తే సుమారు 76 సెంటీస్టోక్‌లు. మామూలు సరళరేఖ గీసి ఉంటే 173 వచ్చేది, అంటే రెట్టింపు కన్నా ఎక్కువ!

మధ్యలో అంకెలు కుదించకండి. రెండు లాగ్‌ల వల్ల నాలుగో దశాంశంలోని తేడా కూడా చివర్లో పెరిగి కనిపిస్తుంది.

కొలిచిన రెండు ఉష్ణోగ్రతల మధ్య ఈ సూత్రాన్ని నమ్మవచ్చు. తక్కువ ఉష్ణోగ్రతల వైపు పొడిగిస్తేనే చిక్కు: మైనం గడ్డకట్టడం మొదలైతే నూనె సూత్రం చెప్పిన దానికన్నా చాలా చిక్కబడుతుంది, పైగా ఎంత వేగంగా కలుపుతున్నామనే దాన్ని బట్టీ మారుతుంది. నమూనాలో నీరు ఎమల్షన్‌గా (సన్నని బిందువులుగా కలిసిపోయి) ఉన్నా, వేడిచేసేటప్పుడు తేలిక భాగాలు ఆవిరైనా విలువ ఎక్కువే చూపుతుంది. మూత బిగించి వేడిచేయండి.

పంపు లెక్కకు సెంటీపాయిజ్ (స్నిగ్ధతకు మరో కొలమానం) కావాలంటే, సెంటీస్టోక్‌లను అదే ఉష్ణోగ్రత దగ్గరి సాంద్రతతో (ఘన సెంటీమీటరుకు గ్రాములలో) గుణించాలి.